మూడు జంటల తొలి నడక

సెగవా కినుయో గెలిచిన మొదటి గెలుపు ఉత్తరపు కొండ మీద నారింజ కాయించడం. ఎండ సరిగా పడని చోటు అది. పలుగు వేస్తే నిప్పురవ్వలు రేగుతాయి తప్ప మట్టి రాదు. మా ఒగుషి దీవిలో అప్పటి పెద్దలు ఆ కొండను లెక్కలోంచే తీసేశారు. పక్క దీవి నుంచి పంతొమ్మిదేళ్ల కోడలిగా వచ్చిన కినుయో వాళ్ల మాట విన్నట్టే విని, వాగు గట్టున ఉన్న నల్లమట్టిని వెదురుబుట్టలో వీపున వేసుకుని నాలుగు చలికాలాలు ఆ కొండకు మోసింది. రాయి మీద రాయి పేర్చి మెట్లు మెట్లుగా గోడలు కట్టింది. ఆ మెట్ల మీద నాటిన మొక్కలు ఏడో ఏట కాశాయి. ఒక్క బుట్టెడు, అంతే. ఎవర్నీ నోరారా మెచ్చుకోని మామగారు ఒక కాయ ఒలిచి తిని, మిగతావన్నీ తీసుకెళ్లి పూర్వీకుల పీఠం ముందు పెట్టాడు. ఆ ఇంట్లో అంతకు మించిన మెప్పు లేదు.

తరవాతి గెలుపులు చెప్పుకుంటూ పోతే చాలానే ఉన్నాయి. యుద్ధం ముగిసిన ఏడు వచ్చిన తుఫానులో గోడలన్నీ కూలిపోతే, మగవాళ్లు ఇంకా సైన్యం నుంచి ఇళ్లకు చేరకముందే ఆడవాళ్లను పోగుచేసి తిరిగి కట్టించింది. జిల్లా పండ్ల పోటీలో ఆమె కాయలకు రెండుసార్లు మొదటి బహుమతి వచ్చింది. సహకార సంఘం కమిటీలో కూర్చున్న మొదటి ఆడమనిషి ఆమే. వీటన్నిటికంటే మేము గొప్పగా చెప్పుకునేది ఇంకొకటుంది. ఒక మాఘమాసపు గాలివానలో, క్వామురా వాళ్ల కోడలికి నొప్పులు మొదలై బిడ్డ అడ్డం తిరిగితే, పడవవాళ్లంతా కుదరదన్న జలసంధిని తానే తెడ్డు వేసి దాటి, అవతల తోనౌరా నుంచి మంత్రసానిని తెచ్చింది. ఆ జలసంధిలో పోటుకూ పాటుకూ మధ్య నీళ్లు సుడులు తిరుగుతాయి. వాటి పక్క నుంచే తెచ్చింది. ఆ రాత్రి పుట్టినవాడే మా ఇప్పటి మేయరు.

అలాంటి మనిషి ఎనభయ్యో ఏట ఒక వంతెనకు భయపడింది.

అదే జలసంధి మీద ఆరేళ్లుగా కడుతున్న వంతెన అది. కిందటి శరదృతువులో, ఇంకా పలకలు పూర్తిగా కలవకముందు, కాంట్రాక్టరు దీవిలోని ముసలివాళ్లను తీసుకెళ్లి చూపించాడు. అందరితోపాటు కినుయో కూడా పసుపుపచ్చ టోపీ పెట్టుకుని వెళ్లింది. పలకకూ పలకకూ మధ్య వదిలిన ఖాళీలోంచి అనుకోకుండా కిందికి చూసింది. అరవయ్యేళ్లుగా పడవ అంచు మీంచి చేత్తో తాకిన నీళ్లే. కానీ అంత ఎత్తునుంచి చూస్తే అవి నీళ్లలా లేవు. ఏదో పెద్ద జంతువు కడుపు మెల్లగా కదులుతున్నట్టు ఉంది. అరికాళ్లలోంచి ఏదో జారిపోయింది. పక్కనున్న ఇనుపకడ్డీ పట్టుకుంటే వేళ్లు విడిపించడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. ఇంటికొచ్చాక కాళ్ల నొప్పి అని చెప్పి పడుకుంది. అప్పటినుంచీ వంతెన కనిపించే వైపు తోటలోకి పోవడం మానేసింది.

కొత్త ఏడాది వచ్చాక మేయరు క్వామురా స్వయంగా వాళ్లింటికొచ్చాడు. మా వైపు ఆచారం ప్రకారం కొత్త వంతెన మీద మొట్టమొదట నడవాల్సింది ఒకే ఇంటి మూడు తరాల జంటలు. తాతా బామ్మా, కొడుకూ కోడలూ, మనవడూ అతని భార్యా, అందరూ బతికి ఉండి, చెయ్యీ చెయ్యీ విడిపోనివాళ్లు అయి ఉండాలి. ముందు పూజారి, వెనక ఈ మూడు జంటలు, ఆ వెనక ఊరు ఊరంతా. ఆ జంటలు ఎంత కాలం నిలిచాయో వంతెన కూడా అంత కాలం నిలుస్తుందని నమ్మకం. దీవి మొత్తం వెతికితే అలాంటి ఇల్లు ఒక్క సెగవా వాళ్లదే దొరికింది. కినుయో భర్త యసోకిచికి ఎనభై నాలుగు. కొడుకు కత్సుమి, కోడలు ఫుసాఎ నారింజ తోటలు చూసుకుంటారు. మనవడు నవోయకు కిందటేడే చిహారుతో పెళ్లయింది.

తోనౌరాలో కూడా ఒక ఇల్లుందనీ, సోయారసం వ్యాపారి హమాసకి వాళ్లకు మూడు జంటలూ ఉన్నాయనీ, మనం కాదంటే వాళ్లు అటునుంచి ఇటు నడుస్తారనీ మేయరు మెల్లగా చెప్పాడు. ఆ ఇంటి పెద్దావిడ అప్పుడే కొత్త కిమోనోకు అంచు కుట్టించుకుందట. ఆ మాట వినగానే యసోకిచి సర్దుకుని కూర్చుని, నేల మీద చేతులు ఆన్చి వంగి, ఒప్పుకున్నానన్నాడు. భార్యను అడగాలన్న ఆలోచన ఆయనకు రాలేదు.

మేయరు వెళ్లాక ఆమె భర్తతో ఒకే ఒక్క మాట అంది.

"నాకు కాళ్లు ఆడవండీ అక్కడ."

"కొండ ఎక్కే కాళ్లు చదునుగా ఉన్న రోడ్డు మీద ఆడకపోవడమేమిటే," అన్నాడు యసోకిచి. "హమాసకి ముసలమ్మ ఆడించగలదు, నువ్వు ఆడించలేవూ?"

ఇక ఆమె ఆ మాట మళ్లీ ఎత్తలేదు. అసలు సంగతి కాళ్లది కాదని, కళ్లు మూసుకున్నా ఆ కదిలే కడుపు కనపడుతోందని చెప్పాలంటే మాటలు దొరకలేదు. పైగా ఒక్క మనిషి తప్పుకుంటే ఇల్లు మొత్తం తప్పుకున్నట్టే. ఐదుగురు సిద్ధంగా ఉండి తన ఒక్కదానివల్ల ఆ గౌరవం నీళ్లు దాటి హమాసకి వాళ్లకు పోతే, ఆ తరవాత దీవిలో తల ఎత్తుకు తిరగడం ఎలా? తన సంగతి సరే. కొత్తగా వచ్చిన చిహారును నీళ్లరేవు దగ్గర అందరూ ఏమంటారు?

ఆ నెలల్లో కినుయో తిండి సగానికి తగ్గింది. గిన్నెలో మిసో పులుసు కదిలితే గిన్నె కింద పెట్టేసేది. స్నానాల తొట్టె అంచు దాటేటప్పుడు కోడలి భుజం పట్టుకోవడం మొదలుపెట్టింది. ఒకరోజు వీపు రుద్దుతూ ఫుసాఎ అడిగింది. అడిగిన తీరులో జాలి లేదు కాబట్టి కినుయో చెప్పగలిగింది. విన్నాక ఫుసాఎ కాసేపు నీళ్లు పోస్తూ ఉండి, తనకు పెళ్లినాడు అత్తగారిని చూస్తే అంత భయం వేసిందనీ, తలెత్తకుండా ఆమె పాదాల వంకే చూస్తూ గడప దాటాననీ చెప్పింది.

"ఇప్పుడో?" అంది కినుయో.

"ఇప్పుడు మీ పాదాలు నేనే రుద్దుతున్నాను కదా, అత్తయ్యా."

ఆ ఉపాయంతోనే సాధన మొదలైంది. రేవు దగ్గర పొడుగాటి సిమెంటు గట్టు ఉంది. సాయంత్రాలు ఎవరూ లేనప్పుడు చిహారు ముందు నడిచేది, ఆమె మడమల మీదే చూపు నిలిపి కినుయో వెనక నడిచేది. గట్టు మీద బాగానే కుదిరింది. కానీ అలలు గట్టుకు తగిలి చప్పుడైన ప్రతిసారీ ఆమె ఆగిపోయేది. నాన్నమ్మ ఆగినప్పుడల్లా నవోయ ఏదో ఒక వేళాకోళం ఆడేవాడు, మొదటిసారి అంతరిక్షంలోకి వెళ్లిన కుక్క కూడా ఇంత సాధన చేసి ఉండదని. ఆమె నవ్వేది కాదు. ఆ కుక్క ఏమైందని ఒకసారి అడిగింది. ఆ రోజునుంచి నవోయ వేళాకోళం మానేశాడు.

మే నెల రెండో వారంలో పూజారి వచ్చి వాళ్ల గుమ్మానికి పవిత్రమైన గడ్డితాడు కట్టి వెళ్లాడు. పెళ్లిళ్లకు పాటించినట్టే, ఆ తాడు కట్టినప్పటినుంచి నడక ముగిసేదాకా ఆ ఇంట్లో కొన్ని మాటలు అనకూడదు. తెగడం, విడిపోవడం, వెనక్కి రావడం, తిరిగి రావడం. తెలియక నోరు జారితే ఉప్పు చల్లాలి. ఫుసాఎ వంటింట్లో ఒక చిన్న గిన్నెలో ఉప్పు సిద్ధంగా ఉంచింది. మిగిలిన మాటలన్నీ ఆ ఇంట్లో నడిచాయి. కిమోనోల గురించి, నడుము పట్టీల గురించి, పంచే బియ్యపు ఉండల గురించి, ఎవరు ఎవరి ఎడమ వైపు ఉండాలన్న దాని గురించి. అన్నీ వంతెన అవతలి చివరదాకా వెళ్లి అక్కడితో ఆగేవి. కినుయో ఆలోచన కూడా అంతే. అవతలి చివర ఒక తెల్ల గుడ్డ కట్టిన పందిరి ఉంటుందని విన్నది. ఆ పందిరి చేరడం తప్ప దాని వెనక ప్రపంచమే లేనట్టు ఉండేది ఆమెకు.

నడక రోజు ఉదయం నారింజ పూల వాసన దీవి మీద దట్టంగా పరుచుకుని ఉంది. శుభకార్యాలకు వండే ఎర్రచిక్కుడు అన్నం వండారు, కినుయో మూడు ముద్దలు మింగింది. రేవులో ఫెర్రీ ఆఖరిసారి పొడుగ్గా కూత వేసి వెళ్లిపోయింది. వంతెన వచ్చాక దానికి పని లేదు. వెళ్తుంటే చాలామంది కళ్లు తుడుచుకున్నారు. కినుయోకు అదేమీ పట్టలేదు. నల్ల కిమోనో మీద ఇంటి గుర్తు తెల్లగా మెరుస్తోంది, దాని కింద గుండె కొట్టుకోవడం పైకి కనపడుతుందేమోనని నడుము పట్టీ మరింత బిగించమంది.

పూజారి గుండెకెదురుగా పూజ చెక్కపలక పట్టుకుని కదిలాడు. ఆయన చివరిదాకా తల తిప్పకూడదు. ఆయన వెనక యసోకిచీ కినుయో, వాళ్ల వెనక కత్సుమి దంపతులు, ఆ వెనక నవోయ దంపతులు. ఆపైన మేయరు, బడి పిల్లలు, సంఘాలవాళ్లు, చంకన మనవళ్లను ఎత్తుకున్నవాళ్లు, చక్రాల కుర్చీల్లో ముసలివాళ్లు, దీవి దీవంతా. అంతమంది కాళ్లు ఒకేసారి పడుతుంటే వంతెన కింద ఎక్కడో సన్నగా మూలిగింది. ఆ మూలుగు అరికాళ్లలోంచి పళ్లదాకా వచ్చింది ఆమెకు.

పూజారి మడమలు. ఆమె చూపు వాటినుంచి జరగలేదు. తెల్ల మేజోళ్లు, నల్ల చెక్క చెప్పులు, ఒకటి తరవాత ఒకటి. ఎడమ వైపు కమ్మీల అవతల ఏదో పెద్ద ఖాళీ ఊపిరి తీస్తున్నట్టు గాలి వస్తోంది. భర్త మాత్రం అటూ ఇటూ తలూపుతూ పెళ్లికొడుకులా నడుస్తున్నాడు. మొదటి స్తంభం దాటారు. అక్కడ ఇనుము ఎండకు సాగడానికి వదిలిన సందు ఉంటుందని, దాని మీద చాప పరిపిస్తానని మేయరు ముందే మాట ఇచ్చాడు. పరిపించాడు. చాప మీద నడుస్తున్నానన్న సంగతి కూడా తెలియకుండా దాటేసింది.

నడుమకు వచ్చేసరికి గాలి పెరిగింది. కిమోనో చేతులు ఎగురుతున్నాయి. రెండో స్తంభం దగ్గర కూడా అలాంటి సందే ఉంది, కానీ అక్కడికి వచ్చేటప్పటికి ఆమె ముందు చాప లేదు. గాలికి లేచి కమ్మీకి చుట్టుకుంటే ఒక పోలీసు దాన్ని విడదీసే పనిలో ఉన్నాడు. పూజారి మడమలు ఆ సందు దాటి ముందుకు పోయాయి. సందు ఆమె కళ్లకు ఎదురుగా మిగిలింది. రెండు వైపులనుంచీ దువ్వెన పళ్లలాంటి ఇనుప పళ్లు ఒకదాంట్లో ఒకటి దూరి ఉన్నాయి. కార్లో వెళ్లేవాళ్లకు టప్పుమన్న చప్పుడు తప్ప అదేమీ తెలియదు. నడిచేవాళ్లకు ఆ పళ్ల మధ్యనుంచి కిందంతా కనిపిస్తుంది. అప్పుడు పాటు మొదలయ్యే వేళ. ఆ జంతువు కడుపు నల్లగా, మెల్లగా తిరుగుతోంది.

కినుయో ఆగిపోయింది. ఆమె ఆగితే వెనక ఊరంతా ఆగింది. పూజారికి తెలియదు, ఆయన అలాగే పోతున్నాడు.

యసోకిచి ఊరి వైపు నవ్వుతూనే పెదవులు కదపకుండా అన్నాడు.

"ఏమే, వెనకాల ఊరంతా ఉంది."

"కింద సముద్రం ఉంది," అంది ఆమె.

ఆయన చెయ్యి చాచాడు. ఆమె పట్టుకుంది. అడుగు మాత్రం పడలేదు. అవతలి చివర తెల్ల పందిరి స్పష్టంగా కనిపిస్తోంది, దాని పక్కన కొత్త కిమోనోల్లో ఆరుగురు నిలబడి ఉన్నారు. హమాసకి వాళ్లు. మధ్యలో పెద్దావిడ విసనకర్ర మూసి, ఒక అడుగు ముందుకు వేసి చూస్తోంది. ఇప్పుడు తాను కూలబడితే ఆవిడ అటునుంచి బయలుదేరుతుంది. ఆ సంగతి తెలిసి కూడా పాదం కదల్లేదు. సందులోంచి వచ్చే చల్లగాలి కిమోనో అంచును పైకి లేపుతోంది.

అప్పుడామె చేసిన పనికి వెనక నిలబడ్డ జనం ఊపిరి బిగబట్టారు. కినుయో గిరుక్కున ఊరి వైపు తిరిగింది.

వెనక్కి వచ్చేస్తోందనుకున్నారు అందరూ. తొలి నడకలో తిరిగి వస్తే వంతెనకే అరిష్టం. మేయరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎదురుగా ముఖాముఖి పడ్డ ఫుసాఎ "అత్తయ్యా" అని, ఆపైన ఏ మాట వాడాలో తెలియక ఆగిపోయింది.

"బుట్ట ఎత్తుకుని ఉన్నాననుకో," అంది కినుయో. "కాస్త పక్కకు జరుగు తల్లీ, కొండ కనపడాలి."

ఫుసాఎకు అర్థమైంది. మా దీవిలో నారింజ బుట్ట వీపున ఉన్నప్పుడు ఎవరూ ముందుకు చూస్తూ మెట్లు దిగరు. కిందికి చూస్తే బరువు ముందుకు తోసేస్తుంది. ముఖం గోడకు పెట్టి, కళ్లు కొండ మీద ఉంచి, వెనకపాదంతో మెట్టు వెతుక్కుంటూ దిగాలి. అరవయ్యేళ్లు కినుయో అలాగే దిగింది. కోడలు పక్కకు జరిగింది, ఆమె వెనకవాళ్లూ జరిగారు, జనం మధ్య దారి తెరుచుకుంది. ఆ దారి చివర దీవి, దాని మీద ఉత్తరపు కొండ.

కినుయో చెప్పులు విడిచింది. చిహారు వచ్చి వాటిని తీసుకుంది. కొండ మీదే కళ్లు పెట్టి కుడిపాదాన్ని వెనక్కి చాచింది. మేజోడులోంచి ఇనుప పళ్లు తగిలాయి. చల్లగా, పదునుగా, వాటి మధ్య ఏమీ లేకుండా. నోట్లోంచి చిన్న మూలుగు వచ్చింది. పాదాన్ని అలాగే నిలిపి, బరువు మోపి, రెండోది లాక్కుంది. కన్నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. కొండ మసకబారింది, అయినా వదల్లేదు. మరో అడుగు. పాదం కింద గరుకైన రోడ్డు తగిలింది.

అక్కడినుంచి ముందుకు తిరగమని యసోకిచి మెల్లగా చెప్పాడు. తిరగలేనంది. అలాగే ఊరి వైపు ముఖం పెట్టి, వెనకపాదంతో దారి వెతుక్కుంటూ, పందిరిదాకా నడిచింది. భర్త ఆమె నడుము పట్టీ పట్టుకుని పక్కన నడుస్తూ, కుడికి, ఎడమకి, రాయి ఉంది అని చెబుతూ వచ్చాడు. అరవై ఒక్క ఏళ్ల కాపురంలో ఆయన చెప్పినట్టల్లా ఆమె విన్న రోజు అదొక్కటే అని ఆ తరవాత ఆయనే అందరికీ చెప్పుకున్నాడు. ఎదురుగా ఆమె ముఖం చూస్తూ ఊరంతా వెనక నడిచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అంత భయపడ్డ ముఖం ముందు చప్పుడు చెయ్యాలని ఎవరికీ అనిపించలేదు. పందిరి దగ్గర మంత్రం ముగించి ఇటు తిరిగిన పూజారికి మొదట కనిపించింది సెగవా వాళ్ల ముసలమ్మ వీపు.

ఆమెను కుర్చీలో కూర్చోబెట్టారు. హమాసకి పెద్దావిడే స్వయంగా బార్లీ టీ తెచ్చి ఇచ్చింది.

"మీ దీవిలో ఇలాగే నడుస్తారా, వదినగారూ?"

"కొండలున్న ఊళ్లో ఇలాగే నడుస్తారమ్మా," అంది కినుయో. టీ సగం కిమోనో మీద పడింది.

బియ్యపు ఉండలు విసిరారు, పిల్లలు ఏరుకున్నారు, ఉపన్యాసాలయ్యాయి. ఇక అరిష్టపు మాటల పట్టింపు తీరింది. మధ్యాహ్నం కాగితం పూలు కట్టిన బస్సు వచ్చి పందిరి పక్కన ఆగింది. నవోయ వచ్చి, ఎక్కు నాన్నమ్మా, ఇంటికి పోదాం అన్నాడు. దేని మీంచి అని అడిగింది ఆమె. నవోయ వంతెన వైపు చూశాడు. తరవాత కత్సుమి చూశాడు. ఒక్కొక్కరుగా అందరూ చూసి, ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. తిరిగి రావడమన్న మాట అనకూడదు కాబట్టి ఆ ఇంట్లో ఎవరూ దాని గురించి ఆలోచించలేదు. ఫెర్రీ పొద్దున్నే వెళ్లిపోయింది.

కళ్లకు తువ్వాలు కట్టుకోమన్నారు. కట్టుకుంది. బస్సు మెట్టు మీద కాలు పెట్టగానే, ఇందాకటి ఇనుప పళ్లు అరికాల్లో మళ్లీ తగిలాయి. తలుపు కడ్డీ పట్టుకుని ఉండిపోయింది. వేళ్లు విడిపించడానికి ఈసారి కూడా ఇద్దరు కావలసి వచ్చారు. చేపల పడవవాడు ఒకడు తాను దింపుతానన్నాడు. అది విని మేయరు కంగారుపడ్డాడు. రేవు నిండా పత్రికలవాళ్లున్నారు. వంతెన మీద తొలి అడుగు వేసిన మనిషి పడవెక్కి ఇంటికి పోతే, ఇవాళైనా రేపైనా, తోనౌరావాళ్లు ఊరుకుంటారా? కినుయో గారూ, మీరే చెప్పండి అన్నాడు, తాను పుట్టడానికి కారణమైన మనిషి ముందు చేతులు కట్టుకుని.

ఆమె చాలాసేపు ఆలోచించింది. భయం ఒక్క రవ్వ తగ్గలేదు. కానీ ఇల్లు నవ్వులపాలు కాకూడదు, తన తొలి నడక చెడకూడదు.

"దేవుడు ఏడాదికోసారి పడవ మీదే కదా ఈ ఒడ్డుకు వచ్చి వెళ్తాడు," అంది. "ఆయన వంతెన ఎక్కడుగా. ఆయన వెనక వస్తే నన్ను చూసి ఎవరు నవ్వుతారు?"

మేయరుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. దీవి దేవుడి పల్లకీ ఏటా జూలై నెలాఖరులో పడవ మీద తోనౌరా గుడికి వచ్చి, సాయంత్రం పోటు మీద వెళ్లిపోవడం మా తాతలనాటి నుంచీ ఉన్నదే. వెనక దీపాల పడవలు బారులు తీరి వెళ్తాయి. వాటిలో ఎక్కినవాళ్లను ఎందుకెక్కావని అడిగే హక్కు ఎవరికీ లేదు.

అలా కినుయో తోనౌరాలో ఉన్న చిన్నకూతురు మిత్సుఎ ఇంట్లో ఉండిపోయింది. కూతురికి మంగలి దుకాణం ఉంది. పైఅంతస్తు కిటికీలోంచి వంతెన కనిపిస్తుంది కాబట్టి ఆ వైపు చెక్క తలుపు రోజంతా మూసే ఉంచుతారు. జూన్‌లో ఒకసారి కత్సుమి కారు తెచ్చి, మెల్లగా పోదాం రమ్మన్నాడు. బయలుదేరింది కూడా. వంతెన మొదట్లో టైరు కింద టప్పుమన్న చప్పుడు వినిపించగానే ఆమె కత్సుమి భుజం పట్టుకుని ఆపమంది. కారు వెనక్కి తిప్పారు. యసోకిచి ఆదివారాలు బస్సులో వచ్చి, దుకాణంలో గడ్డం గీయించుకునేవాళ్లకు ఆ నడక కథంతా చెబుతాడు. ఉత్తరపు కొండ మీద పిందెలు తీసే పని ఫుసాఎ చేస్తోందని, ఒక గోడ కాస్త కుంగిందని ఆయన ఇంటి నుంచి కబురు తెస్తాడు, రాయి మార్చకుండా ఆగమన్న ఆమె కబురు పట్టుకెళ్తాడు.

గోడ సంగతి వచ్చాక చూస్తానంది కినుయో. ఆమె ఇంటికి చేరేది జూలై ఇరవై ఏడు సాయంత్రం, పోటు మొదలయ్యాక.